తలుపు హ్యాండిల్‌కి ఎర్ర రుమాలు

అల్ వుకైర్,
సెప్టెంబర్ 7, శనివారం.

మామయ్యగారికి,

నమస్కారం. నాలుగేళ్ళలో నేను మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కంగారు పడకండి, మీ అబ్బాయి కులాసాగానే ఉన్నాడు. సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈ కాగితాన్ని అత్తయ్య పంపే క్యారియర్ ఖాళీ గిన్నెలో పెట్టి టాక్సీ నడిపే ఇక్బాల్ భాయ్‌కి ఇస్తాను. ఆయన ఎలాగూ రోజూ మీ అల్ ఖోర్ నుంచి మా ఆఫీసున్న ముషైరిబ్‌కి వస్తాడు. ఆదివారం, బుధవారం అత్తయ్య పప్పు ఎలా వస్తోందో ఉత్తరాలు కూడా అలాగే వచ్చి వెళ్ళవచ్చని నా ఆలోచన.

ఇక విషయం. మీరు రోజూ ఉదయం సరిగ్గా పదకొండు గంటలకి నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేస్తారు. "తిన్నావా?" అంటారు. నేను నోరు తెరిచేలోపే "ఆఁ, మంచిది. మనీష్ తిన్నాడా? ఆఁ, మంచిది. ఎండగా ఉంది, నీళ్ళు తాగుతూ ఉండు" అని పెట్టేస్తారు. ఇరవై సెకన్లు. కానీ ఆ ఇరవై సెకన్లకి నా తలలో పేర్చుకున్నదంతా కూలిపోతుంది. మళ్ళీ పేర్చుకోవడానికి అరగంట పడుతుంది. మీ మీద గౌరవంతో ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, కాగితం మీద చెప్పడం తేలికగా ఉంది. ఆగస్టులో ఒక రోజు మీరు తిన్నావా అంటే "లేదు మామయ్యా, నిన్నటి నుంచి జ్వరం" అన్నాను. మీరు "ఆఁ, మంచిది, కానివ్వు" అని పెట్టేశారు. ఆ పూట నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నా ఉద్యోగమే ఈ గొడవ గురించి కావడం తమాషా. మా కంపెనీ ఒక్కో పెద్ద కంప్యూటర్ లోపల నలభై ఉత్తుత్తి కంప్యూటర్లు నడుపుతుంది. వర్చువల్ మెషీన్లంటారు. బ్యాంకులూ బడులూ వాటిని అద్దెకి తీసుకుంటాయి. ప్రతి ఉత్తుత్తిదీ తను అసలుదే అనుకుంటుంది. మామూలు కంప్యూటర్‌లో డిస్కు పని ముగిస్తే గంట కొడుతుంది, బయటి నుంచి ఏదైనా వస్తే గంట కొడుతుంది. ఏ గంటని ముందు లోపలికి పంపాలి, దేన్ని కాసేపు గుమ్మంలో ఆపాలి అని చూసే కాపలాదారు ఒకడుంటాడు. వాడి పేరు ఇంటరప్ట్ కంట్రోలర్. ఉత్తుత్తి కంప్యూటర్లకి ఉత్తుత్తి కాపలాదారు కావాలి. వాణ్ణి నేను చేస్తున్నాను. వాడికి ఎన్ని బటన్లుండాలి, ఒక్కొక్కదానికి ఏం పేరు పెట్టాలి అన్నది నవంబర్ ఇరవైకి తేలిపోవాలి. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు. అద్దెకున్నవాళ్ళంతా ఆ పేర్లు పట్టుకునే తమ ప్రోగ్రాములు రాసుకుంటారు మరి.

అందుకని దయచేసి పదకొండు గంటల ఫోన్ ఆపండి. ఏం చెప్పాలన్నా రాయండి, తప్పకుండా జవాబు రాస్తాను.

మీ కోడలు,
ధాత్రి


అల్ ఖోర్,
సెప్టెంబర్ 11, బుధవారం.

చి.సౌ. ధాత్రికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చారు గిన్నెలో దొరికింది. రెండో పేజీకి ఇంగువ వాసన పట్టింది కానీ చదవగలిగాను. ఫోన్ ఆపమన్నావు, ఆపాను. నాకేం కోపం లేదు. నిజం చెప్పాలంటే ఉత్తరమే మేలు. రెండోసారి చదువుకోవచ్చు, ఎవరినీ మళ్ళీ చెప్పమని అడగక్కర్లేదు.

జ్వరం సంగతి నాకు తెలియదమ్మా. ఆ రోజు లైను బాగోలేదు.

గంటల గురించి నువ్వు నాకు చెబుతున్నావు, బాగానే ఉంది. రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటు కంట్రోల్ రూంలో నా సర్వీసుకి పద్దెనిమిదేళ్ళు నిండాయి. దానికి ముందు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు. మా గదిలో రోజుకి నాలుగు వేల అలారాలు వస్తాయి. వాటిలో నిజంగా మనిషి లేచి చూడాల్సినవి అరవై ఉంటే గొప్ప. మిగతావన్నీ తమకి తోచక కొట్టుకునేవి. కాబట్టి కాపలాదారు ఎలా ఉండాలో నన్నడుగు.

పేర్లు కూడా ఆలోచించాను. గంట ఆపే బటన్‌కి "చాల్లే". మళ్ళీ కొట్టమనే బటన్‌కి "ఏంటన్నావ్". కాసేపాగమనే దానికి "వస్తున్నా ఉండు". ఇవి మన ఇంట్లో పాతికేళ్ళుగా వాడుకలో ఉన్నవి, ఏనాడూ చెడిపోలేదు. మీ కంపెనీవాళ్ళకి నచ్చకపోతే వాళ్ళ దురదృష్టం.

డిసెంబర్‌తో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామని మా మేనేజర్ అన్నాడు. నవంబర్‌లో మెడికల్ పాసైతే చాలు, సంతకం పెట్టేయడమే.

నీళ్ళు తాగుతూ ఉండు.

మామయ్య,
సుధాకరరావు


అల్ వుకైర్,
సెప్టెంబర్ 21.

మామయ్యగారికి నమస్కారం.

"వస్తున్నా ఉండు" అన్న పేరు మీటింగులో నిజంగానే చెప్పాను. మా బాస్ హమీదుద్దీన్ సర్‌ది హైదరాబాద్ పాతబస్తీ. ఆయన చాలాసేపు ఆలోచించి, "ధాత్రీ, పేరు మంచిగుంది గానీ, ఈ మాట చెప్పినోడు ఎన్నడన్న వచ్చిండా?" అని అడిగారు. అందరి ఇళ్ళూ ఒకటేనని తెలిసింది.

అసలు గొడవ వేరే మాట దగ్గర వచ్చింది. మా పనిలో ఉత్తుత్తి కంప్యూటర్‌ని ఇంగ్లీషులో గెస్ట్ అంటారు, అంటే అతిథి. లోకమంతా అలాగే అంటుంది. మా జట్టులో ఒక లెబనాన్ పెద్దమనిషి ఉన్నాడు. ఆయన మూడు గంటలసేపు ఒప్పుకోలేదు. "అతిథిని గుమ్మంలో ఆపండి అని ఒక బటన్. అతిథి మాట వినకండి అని ఇంకో బటన్. ఇలాంటి కాగితం మీద నేను సంతకం పెట్టి మా అమ్మ మొహం ఎలా చూడాలి?" అంటాడు. మొదట నవ్వాం. రెండో గంటకి మాకూ అతిథి మీద జాలి మొదలైంది. ఇప్పుడు వారానికో మీటింగు ఈ మాట మీదే పెట్టుకుంటున్నాం.

ఈ లోగా నా కాపలాదారుకి నిజమైన జబ్బు ఒకటి పట్టుకుంది. ఈ నలభై ఉత్తుత్తి కంప్యూటర్లూ ఒకేసారి మెలకువగా ఉండవు. వంతులవారీగా నిద్రపోతాయి. ఒకటి నిద్రలో ఉండగా దాని గంట కొడితే అది వినదు. గంట ఒక్కసారే మోగుతుంది, అయిపోతుంది. లేచాక తనకేమీ రాలేదనుకుంటుంది. అవతల ఎవరిదో పని ఆగిపోతుంది. సరే, లేచేదాకా కొడుతూనే ఉండమని రాసి చూశాను. అది లేచేసరికి తొంభై వేల గంటలు పోగయ్యాయి. వాటన్నిటికీ "ఆఁ, మంచిది, ఆఁ, మంచిది" అని చెప్పుకుంటూ ఒక్క పనీ చేయకుండా కూలబడిపోయింది.

కాబట్టి మీ అనుభవం కావాలి. మీ కంట్రోల్ రూంలో అలారం మోగినప్పుడు డ్యూటీ మనిషికి వినబడకపోతే ఏం చేస్తారు?

మీ కోడలు,
ధాత్రి


అల్ ఖోర్,
సెప్టెంబర్ 25, బుధవారం.

చి.సౌ. ధాత్రికి ఆశీస్సులు.

మా దగ్గర వినబడకపోవడం అన్నది ఉండదు. ఆ ప్రశ్నే తప్పు.

అసలు మంచి ఆపరేటర్ అలారం కోసం కూర్చోడు. నా పద్ధతి చెబుతాను, రాసుకో. మా గదిలో పద్నాలుగు తెరలున్నాయి. నేను పది నిమిషాలకోసారి పెన్సిలూ నోట్‌బుక్కూ పట్టుకుని మొదటి తెర నుంచి చివరి తెర దాకా నడుస్తాను. ప్రతి తెరకీ కుడి మూలన అలారాల జాబితా ఉంటుంది. చూస్తాను, టిక్కు పెడతాను, ముందుకి వెళతాను. పన్నెండు గంటల డ్యూటీలో డెబ్భై రెండు చుట్లు. ఏడాదిన్నరగా ఒక్క చుట్టు తప్పలేదు. మొదట్లో కుర్రకారు నవ్వారు. పోయిన నెల కంపెనీ నాకు అప్రమత్తతకి అవార్డు ఇచ్చింది. ఒక షీల్డు, ఒక థర్మాస్ ఫ్లాస్కు. చప్పట్లు బాగా కొట్టారని మీ అత్తయ్య చెప్పింది.

మీ అత్తయ్య అంటే గుర్తొచ్చింది. ఆవిడకి వయసుతోపాటు చాదస్తం పెరుగుతోంది. ఇదివరకు వంటగదిలో నుంచి నన్ను పిలిచేది. ఇప్పుడు పిలవడం మానేసి, పనుంటే వంటగది తలుపు హ్యాండిల్‌కి ఒక ఎర్ర రుమాలు కడుతుంది. నేను హాల్లో అటూ ఇటూ తిరిగేటప్పుడు చూసి వెళ్ళాలి. వెళ్ళి, కొబ్బరికాయ కొట్టడమో సీసా మూత తీయడమో చేసి, రుమాలు విప్పి ఆవిడకి ఇవ్వాలి. ఎందుకిలా అని అడిగితే "నా ఇష్టం" అని కాగితం మీద రాసి చూపించింది. ఇంట్లో మనుషులు ఇలా ఉంటే మీ కంప్యూటర్లు ఎలా ఉంటాయో ఊహించగలను.

పొట్లకాయ కూర పంపుతున్నాం. మనీష్‌కి ఇష్టం లేదని తెలుసు, అయినా పెట్టు.

మామయ్య,
సుధాకరరావు


అల్ వుకైర్,
అక్టోబర్ 5.

మామయ్యగారికి,

అత్తయ్యకి నా తరఫున పాదాభివందనం చేయండి. మీరే వంగి చేయండి, నేను చూడనులెండి.

మీ ఉత్తరం సోమవారం ఉదయం మెట్రోలో రెండోసారి చదివాను. అల్ వక్రాలో ఎక్కి ముషైరిబ్‌లో దిగాల్సినదాన్ని మూడు స్టేషన్లు దాటిపోయాను. గంట మళ్ళీ మళ్ళీ కొట్టడం ఎందుకు? ఒకసారి రుమాలు కడితే చాలు. ఉత్తుత్తి కంప్యూటర్ నిద్ర లేవగానే ముందు తలుపు హ్యాండిల్ వైపు చూస్తుంది. రుమాలుంటే పని చేస్తుంది. చేశాక తనే విప్పుతుంది. పదిసార్లు గంట మోగినా రుమాలు ఒక్కటే. పోయే గంట లేదు, పోగయ్యే గంట లేదు. మూడు రోజుల్లో రాసేశాను. నలభై ఉత్తుత్తి కంప్యూటర్లని రెండు రోజులు ఆడించి చూస్తే ఒక్క గంట కూడా తప్పిపోలేదు. మా లెబనాన్ పెద్దమనిషి కూడా, అతిథిని నిద్ర లేపకుండా తలుపుకి గుర్తు కట్టి వెళ్ళడం మర్యాదగా ఉందన్నాడు. పేరు తర్వాత ఆలోచిద్దామని ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్షరాల్లో "రుమాల్" అని రాసి పెట్టాను.

ఇదంతా అయ్యాక నిన్న తీరిగ్గా కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. నిద్రపోయేవాళ్ళకి రుమాలు కడతారు. మెలకువగా హాల్లో తిరుగుతున్న మనిషికి అత్తయ్య ఎందుకు కడుతోంది?

మీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీశాను. ఎవరినీ మళ్ళీ చెప్పమని అడగక్కర్లేదన్నారు. చప్పట్లు బాగా కొట్టారని అత్తయ్య చెప్పిందన్నారు. ఏడాదిన్నరగా అలారం కోసం కూర్చోకుండా తెరలు చూస్తూ తిరుగుతున్నానన్నారు. ఫోన్‌లో నా జవాబు కోసం రెండేళ్ళుగా ఏనాడూ ఆగలేదు. ఇంత దూరం వచ్చాక అడగకుండా ఉండలేను.

మామయ్యా, మీకు చెవులు వినబడటం లేదా?

ధాత్రి


అల్ ఖోర్,
అక్టోబర్ 9, బుధవారం.

అమ్మాయ్ ధాత్రీ,

దోసకాయ పప్పు పై గిన్నెలో, చీటీ మూత కింద. ఆయన రాయనన్నారు. నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నారు. రుమాలు కట్టినా లేవలేదు, కొబ్బరికాయ నేనే కొట్టుకున్నాను.

నువ్వు కనిపెట్టింది నిజమే. అరిచి అరిచి నా గొంతు పోయింది, అందుకే రుమాలు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. నువ్వే కనుక్కున్నావు గనక నా మాట తప్పలేదు. ప్రతి ఏడూ మెడికల్‌లో చెవుల పరీక్ష పెడతారట. అద్దం అవతల నర్సు బటన్ నొక్కినప్పుడల్లా ఆవిడ మోచేయి కదులుతుందట. అది చూసి ఈయన వినబడిందని చెయ్యెత్తేస్తున్నారు. రెండేళ్ళు అలా పాసైపోయారు. ఈసారి కొత్త గది కట్టారు, అందులో గోడకి తిరిగి కూర్చోవాలట. నవంబర్ పన్నెండు పరీక్ష. అది తెలిసిన రోజు నుంచీ ఈయనకి తిండి సయించడం లేదు.

నేను చెప్పానని ఆయనకి చెప్పకు. చెప్పినా వినబడదనుకో. మనీష్‌కి చెప్పాలనుకున్నాను గానీ వాడి చెవులు బాగానే ఉన్నా వినడు.

మీ అత్తయ్య,
సీతాలక్ష్మి


అల్ వుకైర్,
అక్టోబర్ 19.

మామయ్యగారికి,

మూడు క్యారియర్లు మీ ఉత్తరం లేకుండా వచ్చాయి. ఇక్బాల్ భాయ్‌ని అడిగాను. "సారు గుస్సాల ఉన్నడమ్మా. గిన్నెలిచ్చి చెయ్యి ఊపిండు, మాట్లాడలే. నేను సలాం చెప్పిన, అది గూడ వినలే" అన్నాడు. కోపంతో కాదని నేను చెప్పలేదు.

అడిగినందుకు క్షమాపణ చెప్పను. మీరు పెద్దవారు, కానీ ఈ ఒక్క విషయంలో నాకు ఎక్కువ తెలుసు. మా పనిలో రెండు పద్ధతులున్నాయి. గంట మోగితే లేవడం ఒకటి. గంటతో పని లేకుండా తిరుగుతూ చూసుకోవడం రెండోది. మీరు రెండోది పట్టుకున్నారు, దాన్ని మీ అంత నిష్ఠగా చేసే యంత్రం కూడా లేదు. కానీ మీరు పది నిమిషాలకోసారి ఒక చుట్టు తిరుగుతారు. చుట్టు తిరగడానికి ఒక నిమిషం అనుకుందాం. మిగతా తొమ్మిది నిమిషాలు ఎవరివి? మీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ తొమ్మిది నిమిషాల సంగతి తెలుసా? గోడ అవతల గ్యాసు పైపుల మధ్య తిరిగేవాళ్ళకి తెలుసా? మీ గదిలో అందరూ, సుధాకరరావు గారున్నారు కదా అని ధీమాగా ఉంటారు. షీల్డు కూడా ఇచ్చారు.

రెండేళ్ళ పొడిగింపు పోతుందని మీ భయం. నాకు మీరు పోతారని భయం. ఇది మర్యాదగా ఎలా రాయాలో తెలియలేదు, అందుకే ఇలా రాసేశాను.

ఇంకొకటి. జ్వరం రోజున మీరు "మంచిది" అన్నందుకు రెండు నెలలు మీ మీద కోపం దాచుకున్నాను. మామయ్యకి నేనంటే లెక్కలేదనుకున్నాను. ఇప్పుడు ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక మనీష్ మీద చూపిస్తున్నాను. అతను పాపం రెండు రోజులుగా ఫోన్ పక్కన పెట్టి గిన్నెలు కడుగుతున్నాడు.

రాయండి. తిట్టయినా రాయండి.

ధాత్రి


అల్ ఖోర్,
నవంబర్ 3, ఆదివారం.

చి.సౌ. ధాత్రికి,

తిట్టడానికే కాగితం తీశాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఆ తొమ్మిది నిమిషాల దగ్గర ఆగిపోయాను.

పోయిన సోమవారం మధ్యాహ్నం డ్యూటీలో చుట్టు ముగించిన కాసేపటికి అవార్డు ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాను. మాతో పనిచేసే కేరళ అతను కుర్చీలోంచి లేచి నా పక్కనుంచి పరుగెత్తాడు. పాపం కడుపు బాగోలేదేమో అనుకున్నాను. టీ చల్లారకముందే తాగేద్దామని తీరిగ్గా తాగాను. తర్వాతి చుట్టులో ఆరో తెర మీద కనబడింది, గ్యాసు డిటెక్టర్ అలారం. అప్పటికి నాలుగు నిమిషాలైంది. మెయింటెనెన్స్‌వాళ్ళు పరీక్ష కోసం మోగించారట, ఏమీ కాలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక లెక్కేసుకున్నాను. నాలుగు నిమిషాలు నేను టీ తాగాను ధాత్రీ.

గురువారం మా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, నాకు రెండేళ్ళుగా సరిగ్గా వినబడటం లేదు, మెడికల్‌లో మోచేతులు చూసి పాసవుతున్నాను అని చెప్పాను. అతను ముందు హాస్యమనుకున్నాడు. షీల్డు ఇచ్చింది అతనే మరి. తర్వాత మొహం మారింది. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, షిఫ్టు డ్యూటీ ఆపేసి డాక్టర్ దగ్గరికి పంపాడు. పొడిగింపు మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

డాక్టర్ చెప్పిందేమిటంటే, సన్నగా పైకి వెళ్ళే చప్పుళ్ళు ముందు పోతాయట. అలారాలూ ఆడవాళ్ళ గొంతులూ ఒకే అరలో ఉంటాయట. ఈ సంగతి మీ అత్తయ్యకి చెప్పాను. సంతోషించినట్టు లేదు.

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి పనిరోజున పగలంతా ఇంట్లో ఉంటున్నాను. రుమాలు గంటకి మూడుసార్లు కడుతోంది. ఇంత పని ఇన్నాళ్ళూ ఎవరు చేశారో తెలియదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో కూడా తెలియదు. పోతే ఏం చేయాలో ఆలోచించే ధైర్యం ఇంకా రాలేదు, వస్తే రాస్తాను.

జ్వరం రోజున లైను బాగానే ఉందమ్మా. నేనే వినలేదు. నువ్వు ఏడ్చావని రాసిన కాగితం జేబులోనే ఉంది.

మామయ్య


అల్ వుకైర్,
నవంబర్ 23.

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం నేను చదివి మనీష్‌కి ఇచ్చాను. అతను చదివి, కారు తాళాలు తీసుకుని మాట్లాడకుండా అల్ ఖోర్ వచ్చేశాడు కదా, అందుకే మధ్యలో రాయలేదు. మీ ఇద్దరూ బాల్కనీలో మూడు గంటలు కూర్చున్నారనీ, ఇద్దరూ కలిసి పది మాటలు కూడా అనలేదనీ అత్తయ్య చెప్పింది. మనీష్ మాత్రం చాలా మాట్లాడుకున్నామన్నాడు.

ఇక్కడ ఒక అనర్థం జరిగింది. నవ్వుతానంటే చెబుతాను. బుధవారం పేర్ల గడువు. ఉదయం నుంచి మీటింగు. లెబనాన్ పెద్దమనిషి అతిథి దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా అతిథి దగ్గరే ఉన్నాడు. అయిదు గంటలకి అందరం అలిసిపోయి ఉన్నవి ఉన్నట్టు ఖాయం చేసేశాం. మెట్రో ఎక్కాక గుర్తొచ్చింది, "రుమాల్" అన్న పేరు నేను మార్చనే లేదు.

మర్నాడు పరుగున హమీదుద్దీన్ సర్ దగ్గరికి వెళితే ఆయన కాగితం చూసి, "రుమాల్ అంటే రుమాలే గదా. క్యా మస్లా, ఏమైతది? మా అమ్మ గూడ కొంగుకు ముడేస్తుండె యాదికుండనీకి. నాకు ఫస్ట్ దినం నుంచే సమజైంది" అన్నారు. వీటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇంకా ముందుకెళ్ళి, ఆ పేరులో ఒక్కో అక్షరానికీ ఒక్కో ఇంగ్లీషు మాట అతికించి పెద్ద పేరు తయారు చేసేసింది. అది చదివితే నాకే భక్తి కలిగింది. ఇక మార్చడానికి వీల్లేదు. మా కంప్యూటర్లు అద్దెకి తీసుకున్న ప్రతి బ్యాంకూ ప్రతి బడీ ఇకపై రుమాలు కట్టుకుని రుమాలు విప్పుకుంటాయి. మేమంతా రిటైరయ్యాక కూడా.

డిజైన్ కాగితంలో ఆలోచన ఎవరిదో రాయాలి. "సీతాలక్ష్మి, అల్ ఖోర్" అని రాశాను. ఏ విభాగం అని అడిగారు. వంటగది అని చెప్పాను. రాసుకున్నారు.

ఇంకో పని కూడా పట్టుబట్టి చేయించాను. ఇదివరకు కాపలాదారుకి అతిథి చెప్పే జవాబు ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు బటన్లు. విన్నాను అన్నది ఒకటి, పని చేశాను అన్నది ఒకటి. రెండూ ఎందుకు, ఒకటి చాలదా అని అందరూ అడిగారు. రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, చాలదు అన్నాను.

మీ దగ్గరి కబురు కోసం చూస్తున్నాను. ఉద్యోగం ఏమన్నారు?

ధాత్రి


అల్ ఖోర్,
డిసెంబర్ 15, ఆదివారం.

చి.సౌ. ధాత్రికి ఆశీస్సులు.

మంగళవారం చెవులకి యంత్రాలు పెట్టారు. బఠాణీ గింజంత ఉన్నాయి. ఇంటికొచ్చి కూర్చుంటే ఏదో లారీ ఇంట్లోకి వస్తున్నట్టు చప్పుడు. లేచి కిటికీలోంచి చూశాను. ఫ్రిజ్. మన ఫ్రిజ్ ఇంత గోల చేస్తుందని ఎవరూ నాకెందుకు చెప్పలేదు? ఏసీ ఇంకో రాగం. నేను చెప్పులీడుస్తూ నడుస్తానట, అది కూడా ఇప్పుడే తెలిసింది. మీ అత్తయ్య వంట చేస్తూ పాడుకుంటోంది. ఇన్నాళ్ళూ పాడుతూనే ఉందట. శ్రుతి ఎక్కడా కలవలేదు. వంటగది గుమ్మంలో నిలబడి పాట అయ్యేదాకా విన్నాను. నన్ను చూసి ఆపేసి, "రుమాలు కట్టలేదే, ఎందుకొచ్చారు?" అంది. పిలిచినట్టు వినబడిందన్నాను.

ఉద్యోగం సంగతి. షిఫ్టు డ్యూటీ ఇక లేదు. మోచేతుల వ్యవహారానికి హెచ్చరిక కాగితం ఒకటి నా ఫైల్లో చేరింది, న్యాయమే. రెండేళ్ళన్న పొడిగింపు ఒక ఏడాది అయింది. అయితే ఆ ఏడాదీ పగటి డ్యూటీ. నా నోట్‌బుక్కులు అడిగారు. ఏడాదిన్నర టిక్కులు, పదమూడు పుస్తకాలు. ఏ అలారం నిజంగా పనికొచ్చింది, ఏది ఊరికే మోగింది అన్న లెక్క అంత వివరంగా కంపెనీలో ఎవరి దగ్గరా లేదట. నాలుగు వేలని నాలుగు వందలకి దించమన్నారు. ఇప్పుడు నా పని కూడా నీ పనే. దేన్ని లోపలికి పంపాలి, దేన్ని గుమ్మంలో ఆపాలి. మొదటిరోజే ఒక అలారం పేరు మార్చమని రాశాను, నలుగురితో గొడవైంది. నీ కష్టం అర్థమైంది.

షీల్డు వెనక్కి ఇస్తానన్నాను. ఉంచుకోమన్నారు. ఫ్లాస్కు మూత పోయింది.

ఒక సంగతి అడగాలి. ఫోన్ చేయవచ్చా? ఏ వేళకో నువ్వే చెప్పు. నీ తలలో పేర్చుకున్నది కూలిపోయే వేళ వద్దు.

మామయ్య,
సుధాకరరావు


అల్ వుకైర్,
డిసెంబర్ 21.

పదకొండు గంటలకి.

ధాత్రి


ముషైరిబ్, ఆఫీసు నుంచి,
డిసెంబర్ 25, బుధవారం.

మామయ్యా,

ఇక్బాల్ భాయ్ కింద హారన్ కొడుతున్నాడు, అయినా ఇది రాసే పంపుతాను.

ఈ రోజు పదకొండుకి మీ ఫోన్ వచ్చేసరికి మీటింగులో ఉన్నాను. లెబనాన్ పెద్దమనిషి మాట మధ్యలో ఉన్నాడు. లేచి కారిడార్‌లోకి వచ్చాను. మీరు "తిన్నావా?" అన్నారు. నేను అలవాటు కొద్దీ ఫోన్ చెవి నుంచి దించేశాను, మీరు పెట్టేస్తారు కదా అని. చూస్తే లైను ఇంకా ఉంది. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఈ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నట్టున్నారు, అవతల మీ ఫ్రిజ్ చప్పుడు వినబడుతోంది. మీరు ఆగి ఉన్నారు.

రెండేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. "లేదు మామయ్యా" అన్నాను.

"ఏం, ఎందుకు తినలేదు?" అన్నారు మీరు.

ఆ తర్వాత నేను చాలాసేపు మాట్లాడలేదు. మీరు "హలో, హలో" అన్నారు. యంత్రం పాడైందనుకుని ఉంటారు, అత్తయ్యని పిలవడం కూడా వినబడింది.

యంత్రం బాగానే ఉంది మామయ్యా. లైను కూడా బాగానే ఉంది.

ధాత్రి